రెండు కొసల బ్లేడు

పెళ్లినాడు కూడా నేను అంత సంబరపడలేదు. మా ఆయన ప్రశాంత్ వింటే మూతి ముడుస్తాడు గానీ, ఉన్న మాట చెప్పడానికి భయమెందుకు? నిరుడు వానాకాలం, మా కాలనీ గ్రౌండులో, గడ్డి కోసే మిషిను తాడు మొదటిసారి నా చేత్తో గుంజినప్పుడు అది ముసలాయనలా దగ్గి ఆగిపోయింది. మళ్లీ గుంజితే మళ్లీ దగ్గింది. ఈసారి పళ్లు కొరికి గుంజాను. అందుకుంది. ఇక ఒకటే మోత. హ్యాండిలు పట్టుకున్న చేతుల నుంచి భుజాల దాకా ఆ అదురు పాకింది. ముందుకు తోస్తే వెనక చదునుగా దారి పడింది, పచ్చిగడ్డి వాసన గుప్పుమంది. అవతలి గోల్‌పోస్టు దాకా పోయి వెనక్కి తిరిగి చూసుకున్నాను. ఆ దారి నేను వేసింది. ఆ పూట గోదావరిఖనిలో నన్ను మించిన మనిషి లేదనిపించింది.

అంతకుముందు నేను ఆ గ్రౌండులో చీపురు పట్టే మనిషిని. మెట్లు ఊడవడం, పల్లీ పొట్టు ఎత్తడం, నీళ్ల డ్రమ్ము నింపడం, ఇదే నా పని. మిషిను నడిపే సంపత్ బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో పని దొరికి వెళ్లిపోయాడు. వానలకు గడ్డి మోకాలి దాకా లేచింది. గ్రౌండు చూసుకునే ఆటల సారు జైపాల్ నడుం మీద చేయి పెట్టుకుని, జైపూర్ దిక్కున ట్రాక్టరుతో గడ్డి కోసే ఒకాయన ఉన్నాడట, ఆయన్ను పిలవాలి అని ఎవరితోనో ఫోనులో అంటున్నాడు.

"నేను కోస్త సార్," అనే మాట వినబడింది. తీరా చూస్తే అన్నది నేనే.

సారు నన్ను చూశాడు, నా చేతిలో చీపురును చూశాడు. నవ్వలేదు. అందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

"బతుకమ్మ ముందర ఆడపిల్లల ఫుట్‌బాల్ పోటీలున్నయి," అన్నాడు. "అప్పటిదాక నడుపు, చూస్త. గ్రౌండు మంచిగుంటె పని నీదే. లేకుంటె ట్రాక్టరాయన్నే పిలుస్త."

ఆ పని నాకు కావాలి. ఎంత కావాలో చెప్పలేను. ఇంటికి వచ్చి అన్నం వడ్డిస్తుంటే కూడా నా చేతులు హ్యాండిలు పట్టుకున్నట్టే అదురుతుంటే, గిన్నె జారవిడుస్తావని ప్రశాంత్ నవ్వాడు. నవ్వనీ. ఈ కాలనీలో అడుగుపెట్టిన నాటి నుంచి నేను బొగ్గుబాయిలో టింబర్‌మన్ సదయ్య కోడలిని, లేకపోతే ఓపెన్‌కాస్టు గనిలో చేసే ప్రశాంత్ భార్యను. గడ్డి మిషిను జమున అని ఎవరైనా పిలిస్తే వినాలని నాకు ఒకటే ఆత్రం. పైగా ఆ పోటీల్లో మా జట్టుకు గోల్‌కీపర్ మా బిడ్డ సహస్ర. నేను కోసిన గడ్డి మీద అది దూకుతుంది. ఇంతకంటే ఏం కావాలి?

అయితే మా ఇంట్లో అప్పటికే నాకొక డ్యూటీ ఉంది, జీతం లేనిది. మా అత్త మల్లక్కకూ మామ సదయ్యకూ నడుమ మాటలు మోయడం. ఇద్దరూ ఒకే క్వార్టర్‌లో ఉంటారు, ఒకే కుండలో అన్నం తింటారు, ఒకరితో ఒకరు మాత్రం మాట్లాడరు. అత్త పొయ్యి ముందే కూర్చుని ఉంటుంది, మామ రెండడుగుల దూరంలో మంచం మీద ఉంటాడు, "జమునా, మీ అత్తను చాయ పెట్టుమను" అంటాడు. అత్త నా వైపు తిరిగి, చక్కెర అయిపోయిందని చెప్పమంటుంది. నేను ఈ వైపు తిరిగి, చక్కెర లేదట మామా అంటాను. కొత్తలో నవ్వొచ్చేది. తర్వాత విసుగొచ్చింది. ఆ తర్వాత, కాళ్లకు చెప్పులు తొడుక్కున్నట్టు అదీ అలవాటైపోయింది.

కారణం చిన్నదేమీ కాదు. ఆరేళ్ల కింద రామగిరి దిక్కున వాళ్ల ఊరి భూములు ఓపెన్‌కాస్టు కిందికి పోయాయి. పోవడం గురించి అత్త ఏడవలేదు. అందరివీ పోయాయి, తనదీ పోయింది. కానీ ఆమె పొలంలో వరి నిలబడి ఉంది, ఇంకో నెలయితే కోతకు వచ్చేది. కోసుకున్నాకే ఇస్తామంటే కంపెనీవాళ్లు సరే అనేవాళ్లే. మామ అప్పుడు బాయిలో డ్యూటీ దిగి, దారిలో నలుగురు సంతకం పెడుతుంటే తానూ పెట్టేసి ఇంటికి వచ్చాడు. నాట్లు వేసింది ఆమె, కలుపు తీసింది ఆమె, ఆమెను ఒక్క మాట అడగలేదు. ఆ రోజు అత్త కొడవలి తెచ్చి ఈ క్వార్టర్ వసారా గోడకు, మేకుకు తగిలించింది. మళ్లీ దాన్ని ముట్టలేదు, ఆయనతో మాట్లాడలేదు.

ఇక మిషిను సంగతి. పది పన్నెండు రోజులు అది బంగారంలా నడిచింది. తర్వాత ఒక పొద్దున చూస్తే గ్రౌండంతా తెల్లబారి ఉంది. దగ్గరికి వంగి చూశాను. గడ్డి కొసలు తెగలేదు, చిరిగాయి. ఆ చిరిగిన కొసలు ఎండి పాలిపోయాయి. సంపత్‌కు ఫోను చేస్తే విషయం చెప్పాడు. మన దగ్గర గాలిలోనే బొగ్గు పొడి ఉంటుంది, అదంతా గడ్డి మీద పడుతుంది, దానికి బ్లేడు తొందరగా మొద్దుబారుతుంది, విప్పి ఆకురాయితో రుద్దాలి అన్నాడు. "కానీ అక్కా, ముందుగాల ప్లగ్గు వైరు పీకు. అది పీకకుంట బ్లేడు మీద చెయ్యి పెట్టినవంటె వేళ్లుండయి."

మిషిను ఇంటికే తోసుకొచ్చాను. కాలనీ రోడ్డు మీద దాన్ని తోసుకుంటూ వస్తుంటే వాకిళ్లలో ఉన్నవాళ్లంతా లేచి నిలబడి చూశారు. నాలుగిళ్ల అవతలి ఐలవ్వ, మా వాకిట్ల కూడా గడ్డి ఉన్నది బిడ్డా అని నవ్వింది. పండుగైపోనీ అవ్వా, నీ వాకిలి కూడా గీకిస్తా అన్నాను. ఆ గర్వంలో నాకు అంత బరువూ తెలియలేదు.

వసారాలో గోనె పరిచి, వైరు పీకి, పెట్రోలు కారకుండా మిషినును పక్కకు ఒరగబెట్టాను. కింద బ్లేడు, మూరెడు పొడవు ఇనుప పట్టీ, నడుమ ఒక బోల్టు, రెండు కొసలకూ పదును. దాని మీద గడ్డి ముద్ద ముద్దగా గట్టిపడి ఉంది. పానాతో బోల్టు తిప్పబోతే బ్లేడు కూడా తిరుగుతోంది. అప్పుడు మామ మంచం దిగాడు. ఒక కట్టెముక్క తెచ్చి, బ్లేడుకూ అంచుకూ నడుమ ఒక్క దెబ్బతో బిగించాడు. బ్లేడు కదలలేదు. ఎన్నో ఏళ్లు బాయిలో పైకప్పు కూలకుండా కట్టె దిమ్మెలు బిగించిన చేయి అది. బోల్టు చటుక్కున వచ్చింది.

"ఇటియ్యి," అని బ్లేడు తీసుకున్నాడు. "పదును నేను పెడ్త."

ఇక్కడే మా కొంప మునిగింది. టింబర్‌మన్‌కు పదును అంటే గొడ్డలి పదునే. మామ ఆ బ్లేడును అటూ ఇటూ రెండు ముఖాలా నూరాడు. పొద్దంతా నూరాడు. చివరికి ముంజేతి మీద వెంట్రుకలు గీసి చూపించి, చూడమన్నట్టు నా వైపు కళ్లెగరేశాడు. రిటైరైన తర్వాత ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. నేనూ పొంగిపోయాను. మర్నాడు గ్రౌండులో మిషిను గాలిలో తేలినట్టు పోయింది, ఒక గోల్‌పోస్టు నుంచి సగం గ్రౌండు దాకా. అక్కడ గడ్డిలో ఒక చిన్న కంకర రాయి ఉంది. టక్కుమంది. ఆపి, వైరు పీకి, ఒరగబెట్టి చూస్తే, ఆ పలుచటి అంచు కాగితంలా మడతపడి ఉంది.

బ్లేడు పట్టుకుని ఇంటికి వచ్చేసరికి అత్త వాకిట్లో బియ్యం ఏరుతోంది. ఆమె బ్లేడును చూసింది, చేట పక్కన పెట్టింది.

"జమునా, గడ్డి కోసెటందుకా నూరిండు, దూలం నరికెటందుకా? అడుగు."

నేను అడగక్కర్లేదు, మామకు వినబడింది. ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు. అత్త లోపలికి పోయి మంచం కింద నుంచి గుడ్డలో చుట్టిన సానరాయి తీసుకొచ్చింది. ఊరి నుంచి తెచ్చుకున్న రాయి అది, నడుమ అరిగి గుంతపడి ఉంది. అది ఇంట్లో ఉందని కూడా నాకు తెలియదు. నీళ్లు చల్లి, బ్లేడు కొస మీద మెల్లగా, ఒకే వైపు, ఒకే వాలులో లాగడం మొదలుపెట్టింది. ఆ లాగడంలో ఒక కూనిరాగం లాంటి లయ ఉంది. చూస్తూ ఉండిపోయాను.

అంతలో మామ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆ బ్లేడు తనదన్నట్టు నిలబడ్డాడు. అత్త ఆపదు, ఈయన కదలడు. ఇద్దరి ముఖాలూ చూసి, ఇంట్లో మళ్లీ మంట పుడుతుందని భయపడి, నేను ఒక గొప్ప తీర్పు చెప్పాను. బ్లేడుకు రెండు కొసలున్నాయి కదా, ఈ కొస అత్త నూరుతుంది, ఆ కొస మామ నూరుతాడు. ఇద్దరూ ఒప్పుకున్నారు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ పనికిమాలిన తీర్పు ఎంత పని చేసిందో శుక్రవారం గానీ తెలియలేదు.

మామ ఆకురాయితో చరచరా రుద్దుతాడు, అత్త రాయి మీద ఓపికగా లాగుతుంది. ఆయన కొస సన్నబడింది, ఆమె కొస బరువుగానే ఉంది. శుక్రవారం పొద్దున మిషిను అందుకోగానే మేకపిల్లలా ఎగరడం మొదలుపెట్టింది. నా చేతులు తిమ్మిరెక్కాయి. హ్యాండిలు నట్టు ఊడి ఎక్కడో గడ్డిలో పడింది. కోసిన చోట మెట్లు మెట్లుగా వచ్చింది. అయినా మొండిగా సగం గ్రౌండు కోశాను. ఆ చప్పుడు విని జైపాల్ సారు గేటు దగ్గరి నుంచే పరుగెత్తుకొచ్చాడు.

ఆపమన్నాడు. ఇంత అదురుతుంటే బ్లేడు ఊడి ఎవరి కాళ్ల మీదనో పడుతుందన్నాడు. ఆయన కోపంగా అని ఉంటే నేనూ ఏదో అనేదాన్ని. కోపంగా అనలేదు.

"ఆదివారం పొద్దున మ్యాచ్ ఉన్నది జమునా. రేపు పొద్దుగూకే వరకు గోడ దాక సాపు కావాలె. కాకుంటె ఇగ నేనేం చెయ్యలేను, ట్రాక్టరే."

ప్రాక్టీసు ముగించుకుని వచ్చిన సహస్ర, ఇటు సగంలో బంతి గెంతుతోందని, అటు సగంలో దొర్లనే దొర్లడం లేదని చెప్పింది. పిల్ల మామూలుగానే చెప్పింది. మళ్లీ చీపురు పట్టుకుని ఆ మెట్ల మీద కూర్చుని, ట్రాక్టరు నా గ్రౌండు మీద తిరుగుతుంటే చూడడం నా వల్ల కాదు. అవును, అప్పటికే అది నా గ్రౌండు.

సంపత్‌కు మళ్లీ ఫోను చేశాను. విని పగలబడి నవ్వాడు. ఇద్దరితో నూరించావా అక్కా అన్నాడు. రెండు కొసలూ ఒక్క తూకం ఉండాలి, నడుమ బొక్కను గోడ మేకుకు తగిలిస్తే ఏ వైపు బరువుంటే ఆ వైపు దిగుతుంది, ఆ వైపే కొంచెం కొంచెం తీయాలి, అడ్డంగా నిలబడేదాకా తీయాలి అన్నాడు. పదును కూరగాయల కత్తంత ఉంటే చాలట.

శనివారం పొద్దున్నుంచి వాన. తడిగడ్డి కోయలేం, కనీసం బ్లేడైనా సరిచేసుకుందామని ముగ్గురం వసారాలో కూర్చున్నాం. మడతపడిన అంచులు, రెండో ముఖం మీది పిచ్చి పదునూ అన్నీ పోయేదాకా మామతో రుద్దించాను. ఇక మేకు కావాలి. క్యాలెండరు మేకు ఆ బరువుకు వంగిపోయింది. అద్దం మేకు ఊడి చేతికి వచ్చింది. గోడలో గట్టి మేకు ఒక్కటే ఉంది. దానికి కొడవలి వేలాడుతోంది.

నేను ఆ వైపు చూసి, వెంటనే చూపు దించుకున్నాను. మామ కూడా చూశాడు. అత్త లేచింది. కొడవలి తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, గుమ్మం పక్కన ఆనించింది. "తగిలియ్యి," అంది నాతో.

తగిలించాను. బ్లేడు అత్త వైపు దిగింది. ఆమె తన కొస రాయి మీద లాగింది. మళ్లీ తగిలించాం, కొంచెం నయం. మళ్లీ లాగింది, మళ్లీ తగిలించాం. బ్లేడు వణికి, మెల్లగా అడ్డంగా నిలబడబోయింది. సరిగ్గా అప్పుడే ఓపెన్‌కాస్టులో మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయింది. కిటికీ రెక్కలు గడగడలాడాయి, గోడ అదిరింది, బ్లేడు గిర్రున తిరిగి మామ వైపు వాలింది.

"చూసినవా, ఆయన దిక్కు బరువున్నదని చెప్పు," అంది అత్త.

"అది బ్లాస్టింగ్‌కు తిరిగిందని మీ అత్తకు చెప్పు," అన్నాడు మామ.

ఆయన కొస తీయాలని అత్త, ఆమె కొసే ఇంకా తీయాలని మామ. చెప్పు, అడుగు, చెప్పు, అడుగు. వాన ఆగిపోయింది. బయట ఎండ వస్తోంది. గడ్డి ఆరుతోంది. పొద్దుగూకడానికి ఎంతో సేపు లేదు. నా పని, నా మిషిను, నా బిడ్డ మ్యాచు, అన్నీ ఆ మేకుకు వేలాడుతున్నాయి, వీళ్లిద్దరూ నన్ను బంతిలా ఇటూ అటూ తంతున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆకురాయి ఠంగుమని కింద పడేశాను.

"ఇగ నాతోని కాదు," అన్నాను. "బ్లేడు మీ ఇద్దరి నడుమ ఉన్నది. నేను లేను. మీరే చూసుకోండ్రి."

విసవిసా వంటింట్లోకి పోయి చాయకు నీళ్లు పెట్టాను. అత్తమామల ముందు అంత గొంతు నేను ఎన్నడూ ఎత్తలేదు. ఇప్పుడు ఇద్దరూ చెరో మూలకు పోయి కూర్చుంటారు, బ్లేడు అక్కడే ఉంటుంది, నా సంబరం ఇంతటితో సరి అనుకున్నాను. నీళ్లు మరిగాయి. ఆకు వేశాను, పాలు పోశాను.

"నీ దిక్కే దిగుతున్నది. ఇంకింత తియ్యి."

అత్త గొంతు. నీ దిక్కు అంది. ఆయన దిక్కు అనలేదు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. మామ ఇప్పుడు జమునా అని పిలుస్తాడు, పిలుస్తాడు అని చెవులు రిక్కించాను. పిలవలేదు. గొంతు సవరించుకున్న చప్పుడు వినబడింది.

"ఎంత తియ్యాలె?"

"నేను ఆపుమన్నప్పుడు ఆపు."

ఆకురాయి సర్రున లాగిన చప్పుడు. ఇంకొకటి. ఇంకొకటి. ఆపు అంది అత్త. బ్లేడు మేకుకు తగిలిన చిన్న శబ్దం. చాయ పొంగి పొయ్యి మీద పోయింది. పోనిచ్చాను.

అప్పుడే ఫస్టు షిఫ్టు దిగి ప్రశాంత్ గుమ్మంలోకి వచ్చాడు. వాళ్ల అమ్మ మేకు దగ్గర నిలబడి, ఇంకొక్క పెట్టు చాలు, జర మెల్లగ అని వాళ్ల నాయినతో అంటోంది. ఆయన తలూపుతున్నాడు. ప్రశాంత్ నోరు తెరిచాడు. నేను ఎగిరి వెళ్లి తన చేయి పట్టుకుని వంటింట్లోకి గుంజి, నడుం మీద గట్టిగా గిల్లాను. "నోరు తెరిస్తె చంపుత," అన్నాను గుసగుసగా. ఇద్దరం తలుపు చాటు నుంచి చూశాం. బ్లేడు అడ్డంగా, నీళ్ల మట్టంలా నిలబడి ఉంది. ఆ ఇద్దరూ దాన్నే చూస్తున్నారు. ప్రశాంత్ కళ్లలో నీళ్లు తిరిగాయి. కంట్లో దుమ్ము పడిందన్నాడు, నేను అవునన్నాను.

ఇక మా ఇంటిల్లిపాదీ గ్రౌండు మీద పడ్డాం. ప్రశాంత్ పెద్ద పానాతో బోల్టు బిగించాడు, హ్యాండిలుకు వేరే నట్టు వేశాడు, ప్లగ్గు వైరు పెట్టాడు. తాడు నేనే గుంజాను. అది నాది, దాన్ని ఎవరికీ ఇవ్వను. మొదటి గుంజుకే అందుకుంది. చేతికి అదురే లేదు. మిషిను మోత ఒకే శ్రుతిలో సాగింది. గడ్డి కొసలు తుంచినట్టు తెగుతున్నాయి. నేను దాదాపు పరుగెత్తాను. శుక్రవారం మెట్లు మెట్లుగా కోసిన సగం మళ్లీ కోశాను, మిగిలిన సగంలోకి దిగాను. సహస్ర, దాని స్నేహితురాళ్లు కోసిన గడ్డిని చేతులతో ఎత్తి కుప్పలు వేస్తూ ఒకరి మీద ఒకరు చల్లుకుంటూ కేరింతలు కొట్టారు. ఎండ గోడ మీదికి ఎక్కుతోంది, మేము ఎండ కంటే ముందున్నాం.

రెండో మలుపు దగ్గర అత్త ఎదురొచ్చింది. కొంగు నడుముకు దోపుకుని ఉంది.

"ఇటియ్యి," అంది.

ఇచ్చాను. మొదటి నాలుగడుగులు మిషినే ఆమెను గుంజుకుపోయింది. తర్వాత దాని నడక ఆమెకు దొరికింది. నడుం కొంచెం వంచి, చూపు ముందు రెండు గజాల మీద పెట్టి, వరి మళ్లలో కోతకు మునుం పట్టిన మనిషి నడిచినట్టే నడిచింది. వంకర లేదు. ఆ చివరిదాకా పోయి వచ్చేసరికి ఆమె ముఖం చెమటతో మెరుస్తోంది. పోయిన కోత ఎటూ తిరిగి రాదని నాకు తెలుసు. అయినా ఆమె నడుస్తుంటే నా గుండె నిండిపోయింది. ఇంకో రెండు సాళ్లు కోసి మెట్ల మీద కూర్చుని, మామ వైపు చూసి గడ్డం ఎగరేసింది, ఇక నువ్వు పో అన్నట్టు.

మిగిలిన చివరి పట్టీ మామకు దక్కింది. ఆయన బాయిలో నడిచే అలవాటుతో తల వంచుకుని, జాగ్రత్తగా, గోడ వెంట తోసుకుంటూ పోయాడు. గోడ మూలన, బతుకమ్మలో పేర్చే గునుగు ఉంది. మేమెవరం అంతవరకు అటు వైపు సరిగ్గా చూడలేదు. మోకాలెత్తు మొక్కలు, వాటి నిండా తెల్లటి పూలు, కొసలకు లేత గులాబి రంగు. ఇంకో వారంలో పెత్రమాస, బతుకమ్మ మొదలయ్యే రోజు. సారు చెప్పింది మాత్రం గోడ దాకా సాపు కావాలని.

మిషిను ఆగింది. పెట్రోలు అయిపోయిందనుకుని నేను డబ్బా అందుకున్నాను. అయిపోలేదు, మామే ఆపాడు. ఒక చేయి హ్యాండిలు మీదే ఉంచి వెనక్కి తిరిగాడు. నా వైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. మెట్ల మీద కూర్చున్న అత్త వైపు చూసి, గ్రౌండు ఈ చివరి నుంచి ఆ చివరికి వినబడేంత గొంతుతో అడిగాడు.

"ఏమే, కొయ్యమంటవా, ఉంచమంటవా?"

ఆరేళ్ల కింద అడగాల్సిన మాట. పిల్లలు ఇంకా కేరింతలు కొడుతూనే ఉన్నారు, వాళ్లకేం తెలుసు. ప్రశాంత్ నా భుజం మీద చేయి వేశాడు. అత్త ఆయన్ను అలాగే నిలబెట్టింది. కొంగు విప్పి ముఖం తుడుచుకుంది, మెడ తుడుచుకుంది. ఆయన నిలబడే ఉన్నాడు. ఎంతసేపైనా నిలబడేట్టే ఉన్నాడు.

"పెత్రమాస దాక ఉండనియ్యి," అంది చివరికి. "నేనే కోసుకుంట."

మామ తలూపి, మిషినును ఆ మొక్కల చుట్టూ తిప్పుకుని, మిగిలిన గడ్డి కోసి వచ్చాడు.

పొద్దుగూకే వేళకు జైపాల్ సారు వచ్చాడు. నేరుగా గ్రౌండు నడుమ దాకా నడిచాడు. చెప్పులు విడిచి ఉత్తకాళ్లతో తొక్కి చూశాడు. సహస్ర చేతిలోని బంతి తీసుకుని కాలితో మెల్లగా తోశాడు. అది ఎక్కడా గెంతకుండా, వంకర పోకుండా దొర్లి దొర్లి అవతలి గోల్‌లోకి పోయి ఆగింది. పిల్లలంతా ఒక్కసారి చప్పట్లు కొట్టారు. ఆయన వెనక్కి వస్తూ గోడ మూలన ఆగాడు.

"అంతా మంచిగ కోసినవ్, మరి ఇదెందుకు ఇడిసిపెట్టినవ్?"

అబద్ధం చెప్పొచ్చు. పొద్దు చాలలేదని చెప్పొచ్చు, రేపు పొద్దున కోసేస్తానని చెప్పొచ్చు. పని చేతికి అందబోతున్న ఆ ఘడియలో అదే తెలివైన మాట. కానీ నాకు ఆ మాట నోట్లోంచి రాలేదు.

"మా మామ అడిగిండు సార్," అన్నాను. "మా అత్త ఉంచుమన్నది."

చెబుతూనే కొంగుతో కళ్లు తుడుచుకున్నాను, నవ్వూ వచ్చింది. సారు నన్నూ గునుగునూ మార్చి మార్చి చూశాడు. ఆ మాటలో ఏడవడానికీ నవ్వడానికీ ఏముందో ఆయనకు తెలిసే దారి లేదు. జేబులోంచి మిషిను పెట్టే షెడ్డు తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టాడు. మ్యాచ్ అయిన తర్వాత కూడా అది నా దగ్గరే ఉంచుకోమని చెప్పి, పొద్దున్నే సున్నం గీతలు గీయించమని చెప్పి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.